హవాయిలో ఏ వైపు ఎండ, ఏ వైపు వాన: గాలిని బట్టి తెలుసుకోవడం ఎలా

"ఫోన్‌లో వారమంతా వాన గుర్తే కనిపిస్తోంది. హోటల్ క్యాన్సిల్ చేసేయమంటారా?" హవాయి టికెట్లు కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సెలవులకు బే ఏరియా నుంచి, సియాటెల్ నుంచి వెళ్లే మన కుటుంబాలు అడుగుతాయి. పిల్లల దగ్గరికి అమెరికా వచ్చి, పనిలో పనిగా హవాయి కూడా చూసి రావాలనుకునే పెద్దవాళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు టెన్షన్ తగ్గించుకోండి. కొండలున్న ద్వీపంలో ఒక్క రోజుకు ఒకే వాతావరణం అంటూ ఉండదు. హవాయి ద్వీపాలన్నిటిలో పెద్దదైన బిగ్ ఐలాండ్‌లో తూర్పు తీరాన ఉన్న హిలోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అదే ద్వీపంలో, కారులో రెండు గంటల లోపు దూరంలో ఉన్న పడమటి తీరంలో, కవాయిహయె చుట్టుపక్కల 250 మిల్లీమీటర్లు పడటమే గగనం. మన అనంతపురంలో దానికి రెట్టింపు పడుతుంది. ఇంత తేడా ఉన్న చోట ఫోన్‌లో కనిపించే ఒక్క మబ్బు బొమ్మతో ఏం తెలుస్తుంది? ఆ బొమ్మను వదిలేసి గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి. మిగతా లెక్కంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

కావలసినవి

- కొండల ఎత్తులు రాసి ఉన్న ద్వీపం మ్యాప్. ప్రింట్ తీసుకుంటే మంచిది, మీద పెన్సిల్‌తో గీయాలి.
- గాలిని చూపించే సైటు: విండీ గానీ, ఎర్త్ నల్‌స్కూల్ గానీ. రెండూ ఉచితంగానే చూడొచ్చు.
- శాటిలైట్ చిత్రాలు. పసిఫిక్ మీద గోస్-18 ఉపగ్రహం నిమిషాల తేడాతో వరుసగా చిత్రాలు పంపిస్తుంది. పాత రోజులవి చూడాలంటే నాసా వరల్డ్‌వ్యూ బాగుంటుంది.
- ఎయిర్‌పోర్టుల వాతావరణ రిపోర్టు. దాన్నే మెటార్ అంటారు.
- ఓపికుంటే హిలో నుంచి, కవాయి ద్వీపంలోని లిహుయె నుంచి రోజుకు రెండుసార్లు వదిలే వాతావరణ బెలూన్ల గ్రాఫ్. లేకపోయినా పని జరుగుతుంది, ప్రత్యామ్నాయం నాలుగో మెట్టులో చెప్తాను.

సిద్ధాంతం ఈ మాత్రం చాలు. హవాయికి ఈశాన్యంగా సముద్రం మీద ఉండే అధిక పీడనం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. వేసవిలో దాదాపు రోజూ, చలికాలంలోనూ సగానికి పైగా రోజులు ఇవే గాలులు. సముద్రపు తడిని మోసుకొచ్చిన గాలి కొండెక్కుతూ చల్లబడి మబ్బు కడుతుంది, అవతల దిగుతూ వేడెక్కి ఆరిపోతుంది. స్కూల్లో చదివిన వర్షచ్ఛాయ ప్రాంతం పాఠమే ఇది. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి కనుమల చాటున పడి రాయలసీమ, దక్షిణ తెలంగాణ ఎండటం కూడా ఇందువల్లే. హవాయిలో అదనంగా ఉన్నది ఒక మూత. సుమారు 2 కిలోమీటర్ల ఎత్తున, కింది గాలి కన్నా వేడిగా, పొడిగా ఉండే గాలి పొర పరుచుకుని ఉంటుంది. మబ్బులు దాన్ని తోసుకుని పైకి పోలేవు.

1. గాలి ఎటు నుంచో ఖాయం చేసుకోండి

విండీలో ద్వీపం మీద వేలు పెట్టకండి. ద్వీపానికి ఈశాన్యంగా, తీరానికి కనీసం వంద కిలోమీటర్ల అవతల, ఖాళీ సముద్రం మీద పెట్టండి. అక్కడ కనిపించేదే అసలు గాలి. ద్వీపం మీది గాలి అప్పటికే కొండలకు తగిలి దారి మారిపోయి ఉంటుంది.

దిశ, వేగం రెండూ రాసుకోండి. తూర్పు గాలి అంటే తూర్పు నుంచి వచ్చేది. మ్యాప్‌లో బాణం ములుకు పడమటికి తిరిగి ఉంటుంది కాబట్టి చాలామంది ఇక్కడే తిరగేసి రాసుకుంటారు, ఇక అక్కడి నుంచి లెక్కంతా తలకిందులవుతుంది.

మెటార్ చదవడం కూడా తేలికే. గాలి అంకెల్లో మొదటి మూడు దిశ, తర్వాతి రెండు వేగం. 06014 అని ఉంటే, ఉత్తరం నుంచి కుడి వైపుగా కొలిచిన 60 డిగ్రీల దిక్కు నుంచి 14 నాట్ల (గంటకు దాదాపు 26 కిలోమీటర్ల) వేగంతో వీస్తోందని అర్థం. అది మామూలు వ్యాపార పవనమే. మబ్బు పక్కన 025 అని ఉంటే దాని అడుగు భాగం 2,500 అడుగుల ఎత్తున ఉందన్నమాట.

హెచ్చరిక: బిగ్ ఐలాండ్ పడమటి తీరంలోని కోనా ఎయిర్‌పోర్టు గాలిని చూసి మొత్తం ద్వీపం గాలి అదేననుకోవద్దు. 4 కిలోమీటర్లకు పైగా ఎత్తున్న రెండు కొండల చాటున ఉందది. అక్కడ పగలు సముద్రం నుంచి, రాత్రి కొండ మీది నుంచి వీచే స్థానిక గాలే తప్ప వ్యాపార పవనం చాలా రోజులు సోకనే సోకదు.

2. మ్యాప్ మీద గీయండి

గాలి వచ్చే దిక్కు నుంచి ద్వీపం మీదకు నాలుగైదు బాణాలు గీయండి. బాణాలు ముందుగా తగిలే వాలుకు "తడి" అని, కొండ వెనకాల "పొడి" అని, కొండల మధ్య సందులకూ ద్వీపం మూలలకూ "గాలి" అని రాయండి.

మామూలు ఈశాన్య గాలి రోజున ఒవాహు ద్వీపంలో కనియొహె తడి, వైకీకీ పొడి. మావి ద్వీపంలో హానా తడి, కిహే, వైలేయా పొడి. కవాయి ద్వీపంలో హనలే తడి, పోయిపూ పొడి. బిగ్ ఐలాండ్ సంగతి పైనే చెప్పాను.

"గాలి" అని రాసిన చోట్లను తేలిగ్గా తీసుకోవద్దు. మావి, బిగ్ ఐలాండ్‌ల మధ్య ఉన్న అలెనుయిహాహా జలసంధిలో, మావి మధ్య పల్లంలో, బిగ్ ఐలాండ్ దక్షిణపు కొసన గాలి ఇరుకున పడి వేగం పుంజుకుంటుంది. దక్షిణపు కొసన చెట్లు ఏళ్ల తరబడి ఆ గాలి తాకిడికి పడమటికి ఒరిగి, కొమ్మలన్నీ ఒకే వైపు చాచి పెరిగాయి. ఏ పరికరమూ లేకపోయినా అక్కడి గాలి దిశ ఆ చెట్లను చూసి చెప్పేయొచ్చు.

పొడి వైపు ఎప్పుడూ ప్రశాంతంగా ఉంటుందని కూడా అనుకోకండి. గాలి బలంగా ఉండి, మూత శిఖరానికి దగ్గరగా ఉన్నప్పుడు చాటు వైపు వాలు వెంట గాలి విరుచుకుపడుతుంది. 2023 ఆగస్టు 8న పడమటి మావిలోని లహైనాలో జరిగింది అదే. ఉత్తరాన బలమైన అధిక పీడనం, చాలా దూరంగా దక్షిణాన డోరా హరికేన్, రెండింటి మధ్య బిగిసిన తూర్పు గాలి కొండ దిగి ఎండుగడ్డి మీద పడింది. ఆ మంటల్లో వందమందికి పైగా చనిపోయారు. మంటలు వేగంగా వ్యాపించే ప్రమాదం ఉందని వాతావరణ శాఖ రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఇచ్చిన రోజున పొడి వైపు ఉంటే ఫోన్ దగ్గరే పెట్టుకోండి, బయటపడే దారి ముందే చూసుకోండి.

3. గాలి కొండెక్కుతుందా, చుట్టూ తిరిగిపోతుందా?

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. మోటు లెక్క ఒకటి చెప్తాను. గాలి వేగం నాట్లలో తీసుకోండి, సగం చేయండి, వందతో గుణించండి. దాదాపు అన్ని మీటర్ల ఎత్తు వరకు ఆ గాలి ఎక్కగలదు. 16 నాట్లయితే 800 మీటర్లు.

ఇప్పుడు కొండ ఎత్తుతో పోల్చండి.

ఒవాహులోని కోలావు కొండల అత్యంత ఎత్తైన చోటు 960 మీటర్లు, మిగతా శిఖర రేఖ ఇంకా తక్కువ. కాబట్టి గాలి దాన్ని దాటుకుని వెళ్తుంది. మబ్బు శిఖరం మీదే కూర్చుంటుంది, జల్లులు కొంత దూరం అవతలికి కూడా కొట్టుకొస్తాయి. అందుకే చాటు వైపు ఉన్నా మనోవా లోయ పైకొసన ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. అక్కడికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోని వైకీకీలో 600 కూడా పడదు. చాటు వైపే కదా అని కొండను ఆనుకుని బస చూసుకుంటే తడవడం ఖాయం. శిఖరం నుంచి కొన్ని కిలోమీటర్లు దిగాకే ఎండ మొదలవుతుంది.

మావిలోని హలెయకలా 3,055 మీటర్లు, బిగ్ ఐలాండ్‌లోని మౌనా కియా 4,205. 800 మీటర్లు ఎక్కగల గాలి వీటిని ఎక్కలేదు, రెండుగా చీలి పక్కల నుంచి పోతుంది. వాన శిఖరం మీద కాకుండా ఎదురు వాలు నడుమ పడుతుంది. కొండ వెనకాల సముద్రం మీద పెద్ద సుడులు తిరుగుతాయి. బిగ్ ఐలాండ్ వెనకాల ఈ ప్రభావం పడమటికి దాదాపు 3,000 కిలోమీటర్ల దాకా సాగుతుందని 2001లో ఉపగ్రహ పరిశీలనల ద్వారా తేల్చారు.

కవాయిలోని వయాలియాలె, 1,569 మీటర్లు, ఈ రెండింటి నడుమ రకం. గాలి కొంత ఎక్కుతుంది, కొంత తిరుగుతుంది. శిఖరం మూత కన్నా కిందే ఉంటుంది కాబట్టి మబ్బు దాన్ని రోజంతా కప్పే ఉంచుతుంది. ప్రపంచంలో అత్యధిక వర్షం పడే చోట్లలో అదొకటి, ఏడాదికి 9,000 మిల్లీమీటర్లకు పైనే.

గాలిలో తడి ఎక్కువగా ఉంటే ఈ లెక్క చెప్పిన దానికన్నా ఎక్కువే ఎక్కుతుంది. అందుకని అంకె కొండ ఎత్తుకు దగ్గరగా వస్తే పట్టుబట్టి వాదించకండి, "రెండూ జరుగుతాయి" అని రాసుకుని ముందుకెళ్లండి.

4. మూత ఎత్తు చూసుకోండి

బెలూన్ గ్రాఫ్‌లో ఎత్తు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత తగ్గుతూ పోయి ఒక చోట హఠాత్తుగా పెరుగుతుంది. అదే ఎత్తులో తేమ గీత ఉష్ణోగ్రత గీతకు దూరంగా జరిగిపోతుంది. మూత అక్కడుంది. హవాయి సమయం ప్రకారం తెల్లవారుజామున 2కు, మధ్యాహ్నం 2కు ఈ గ్రాఫ్‌లు ఉంటాయి. మన దేశంలో అప్పుడు సాయంత్రం 5:30, ఉదయం 5:30. విశాఖపట్నం, హైదరాబాద్‌ల నుంచి కూడా ఇలాంటి బెలూన్లే వదులుతారు కాబట్టి ఇంటి దగ్గరే గ్రాఫ్ చదవడం నేర్చుకుని వెళ్లొచ్చు.

గ్రాఫ్ వద్దనుకుంటే మౌనా కియా గానీ హలెయకలా గానీ శిఖరం మీద గాలిలో తేమ శాతం చూడండి. కింద తీరంలో 70 ఉండి పైన 20, 30 ఉంటే మూత శిఖరం కన్నా కిందే ఉంది. ఆ రోజున కింద ఎంత మబ్బున్నా పైన ఆకాశం తేటగా ఉంటుంది. మౌనా కియా మీద టెలిస్కోపులు కట్టింది అందుకే. కింద హిలోలో వాన పడుతోందని శిఖర ప్రయాణం మానుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, మంచి అవకాశం పోగొట్టుకుంటారు.

మూత బాగా కిందికి దిగితే జల్లులు చిన్నవిగా, సన్నగా ఉంటాయి. పైకి లేస్తే, లేదా అసలు కనిపించకుండా పోతే, పెద్ద వానలకు దారి తెరుచుకున్నట్టే. అలాంటి రోజున రెండో మెట్టులో గీసిన "పొడి" గుర్తును నమ్మకండి.

శిఖరం ఎక్కేవాళ్లకు రెండు మాటలు. మౌనా కియా దారిలో 2,800 మీటర్ల ఎత్తున ఉన్న సందర్శకుల కేంద్రం దగ్గర అరగంటైనా ఆగి ఒంటిని అలవాటు పడనివ్వండి. బీపీ, గుండె సమస్యలున్న పెద్దవాళ్లు డాక్టర్ని అడగకుండా ఎక్కొద్దు. హలెయకలాలో సూర్యోదయం చూడాలంటే కారుకు ముందుగా రిజర్వేషన్ ఉండాలి, చలి కోటు కూడా ఉండాలి.

5. ఏ వేళ?

హిలోలో జల్లులు రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ. రాత్రి కొండ మీది చల్లగాలి కిందికి జారి, ఎదురొచ్చే వ్యాపార పవనాన్ని తీరం దగ్గర ఢీకొంటుంది, అక్కడ మబ్బు వరుస కడుతుంది. 1990 వేసవిలో విమానాలతో వెళ్లి ఈ మబ్బు వరుసలనే ప్రత్యేకంగా పరిశీలించారు. మీకు ఉపయోగపడేది ఏమిటంటే, హిలో జలపాతాలు చూడ్డానికి ఉదయం కాస్త ఆలస్యంగా బయల్దేరండి.

కోనాలో దీనికి తిరగబడి ఉంటుంది. పొద్దున తేటగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ సముద్రపు గాలి వాలు మీదకు ఎగబాకుతుంది, మధ్యాహ్నం దాటాక కాఫీ తోటల మీద మబ్బు కమ్మి జల్లు పడుతుంది. హవాయిలో మిగతా చోట్ల వాన చలికాలంలో ఎక్కువైతే కోనా వాలు మీద వేసవిలో ఎక్కువ. ఆ తోటలు అంత బాగా పండటానికి ఈ మధ్యాహ్నపు మబ్బు కూడా ఒక కారణం.

మావిలో కిహే వైపు ఈత, స్నార్కెలింగ్ ఉదయం పదకొండు లోపు ముగించుకోండి. తర్వాత మధ్య పల్లం నుంచి గాలి లేచి నీళ్లు కలుషితమైనట్టు మసకబారతాయి, కెరటాలు పెరుగుతాయి.

6. శాటిలైట్ చిత్రంతో పోల్చండి

ఒక్క చిత్రం చాలదు, రెండు గంటల చిత్రాలను వరుసగా కదిలించి చూడండి. కింది మబ్బులు గాలితోపాటు తూర్పు నుంచి పడమటికి జరుగుతాయి. చాలా ఎత్తున ఉండే పింఛాల్లాంటి పలచని మబ్బులు తరచూ ఎదురు దిక్కున, పడమటి నుంచి తూర్పుకు పోతుంటాయి. వాటిని మీ లెక్కలో కలపకండి, అవి వాన ఇవ్వవు.

మీ మ్యాప్‌లో "తడి" అని రాసిన వాలును మబ్బు పట్టుకుని ఉండాలి, కొండ వెనక సముద్రం ఖాళీగా కనిపించాలి. బిగ్ ఐలాండ్‌కు పడమట సముద్రం మీదకు సాగిన మబ్బు చార కనిపిస్తే కంగారు పడొద్దు. కొండను చుట్టి వచ్చిన గాలులు వెనకాల కలుసుకునే చోట అలా కడుతుంది. మీ లెక్క సరిగ్గా ఉందనడానికి అదే సాక్ష్యం.

రాత్రి పూట ఇన్‌ఫ్రారెడ్ చిత్రాన్ని నమ్ముకోవద్దు. కింది మబ్బులు వెచ్చగా ఉంటాయి, వెచ్చటి సముద్రంలో కలిసిపోయి కనిపించవు. ఆకాశం తేటగా ఉన్నట్టే ఉంటుంది, బయట మాత్రం వాన పడుతుంటుంది. రాత్రి వేళ రాడార్ చూడండి.

గాలి తిరగబడిన రోజులు

అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు అప్పుడప్పుడు వాయవ్యం నుంచి అల్పపీడనమో చల్లగాలి అంచో వచ్చి వ్యాపార పవనాలను ఆపేస్తుంది. గాలి దక్షిణానికి, నైరుతికి తిరుగుతుంది. వీటినే అక్కడ కోనా గాలులంటారు. మీరు రాసుకున్న తడి, పొడి తారుమారవుతాయి. వైకీకీ, కిహే, పోయిపూ తడుస్తాయి. బిగ్ ఐలాండ్‌లోని కీలవేయా అగ్నిపర్వతం పొగలు వదులుతున్న రోజులైతే ఆ పొగ ఒవాహు దాకా చేరొచ్చు, ఆస్తమా ఉన్నవాళ్లు జాగ్రత్త. ఇలాంటప్పుడు మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పాత మ్యాప్ మీద దిద్దకుండా కొత్త ప్రింట్ తీసుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

కొండ ఎంత ఎత్తైతే వాన అంత ఎక్కువ అనుకోవడం అందరూ చేసేదే. మౌనా కియా శిఖరం మీద ఏడాదికి పడేది 200 మిల్లీమీటర్ల చిల్లర, అదొక చల్లటి ఎడారి. మూత కింద ఉన్న కవాయి కొండ దానికి సగం ఎత్తు కూడా లేదు, నలభై రెట్ల వాన పడుతుంది.

యాప్‌లో "60 శాతం వాన" చూసి రోజులో 60 శాతం సేపు వాన పడుతుందని అర్థం చేసుకోవడం ఇంకొకటి. వ్యాపార పవనాల జల్లు పది నిమిషాల్లో వెళ్లిపోతుంది. వాన బొమ్మ కనిపిస్తే బీచ్ మానేయకండి, కొండకు ఇంకో పది కిలోమీటర్లు దూరంగా ఉన్న బీచ్‌కు వెళ్లండి.

గాలి తగ్గిందంటే వాన తగ్గిందని సంతోషించడం కూడా తప్పే. గాలి బాగా నెమ్మదిస్తే ప్రతి ద్వీపమూ తన సొంత సముద్రపు గాలిని పుట్టిస్తుంది. మధ్యాహ్నానికి ద్వీపం నడిబొడ్డున, మామూలుగా పొడిగా ఉండే లోపలి చోట్ల కూడా, మబ్బు పెరిగి వాన కురుస్తుంది.

మీ అంచనా సరైందో కాదో తేల్చుకోవడం

రాత్రి పడుకునే ముందు కాగితం మీద నాలుగు చోట్లు రాయండి: తడి వైపు ఒక ఊరు, పొడి వైపు ఒక ఊరు, ఒక శిఖరం, ఒక గాలి మూల. ప్రతి దానికీ ఎదురుగా ఎండ, మబ్బు, జల్లు, గాలి, ఏది అనుకుంటున్నారో రాయండి. "ఉండొచ్చు" అని రాయొద్దు, ఒకటి తేల్చండి. మర్నాడు మధ్యాహ్నం అక్కడి వెబ్‌క్యామ్‌లు, 24 గంటల వర్షపాతం పట్టిక చూసి టిక్కు పెట్టండి. నాలుగింట మూడు కుదిరితే బాగా వచ్చినట్టే. తడి, పొడి రెండూ ఒకేసారి తప్పితే గాలి దిశ తప్పు తీసుకుని ఉంటారు. ఊళ్లు కుదిరి శిఖరం ఒక్కటే తప్పితే మూత ఎత్తు చూసుకోలేదన్నమాట.

వేరే ద్వీపాలకు

మారిషస్‌లో తరతరాలుగా తెలుగువాళ్లున్నారు, ఇక్కడి నుంచి చుట్టాల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. అక్కడ గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది. అత్యంత ఎత్తైన కొండ 828 మీటర్లే కాబట్టి గాలి దాటుకుని పోతుంది. మధ్య పీఠభూమి మీది క్యూర్‌పిప్ తడి, పడమటి తీరం పొడి. పక్కనే ఉన్న రీయూనియన్‌లో కొండ 3,000 మీటర్లు దాటుతుంది, అక్కడ గాలి చీలుతుంది. స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె ద్వీపంలో ఉత్తర వాలు మబ్బులో ఉంటుంది, 3,715 మీటర్ల టెయిడె శిఖరం మబ్బుల పైన తేలుతుంది. దిశ, ఎత్తు మార్చుకుంటే ఈ మూడు చోట్లా ఇవే మెట్లు పని చేస్తాయి.

అండమాన్‌కు మాత్రం ఇలా లెక్క వేయకండి. అక్కడ గాలి వానాకాలంలో నైరుతి నుంచి, చలికాలంలో ఈశాన్యం నుంచి వస్తుంది. ఎత్తైన శాడిల్ పీక్ 732 మీటర్లే. రుతుపవనాల మబ్బుకు హవాయిలో ఉన్నట్టు మూత ఉండదు, వాన రెండు వైపులా పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్తే ఏ తీరంలో గది తీసుకున్నా గొడుగు పట్టుకెళ్లండి, పడవ ప్రయాణం ఉన్న రోజున పొద్దున్నే వాతావరణ శాఖ సముద్ర హెచ్చరిక చూసుకోండి.